ఉపసంపాదన విద్యయు తెలుగు వాక్యమును

వార్తాపత్రికా కార్యాలయమున ఉపసంపాదకుని పని యేమి యని యడిగినచో సామాన్యముగా మూడు సమాధానములు వచ్చును: తప్పులు దిద్దుట, అధికమైన దానిని తగ్గించుట, శీర్షిక పెట్టుట. మూడును నిజమే. కాని యివి యా పనికి ఫలములు, పని వేరు. జరిగిన సంగతి వాక్యమున నే క్రమమున నిలువవలెను, ఆ వాక్యము పుటలో నెచ్చట నిలువవలెను అని నిర్ణయించుట యాతని పని. ఈ నిర్ణయము చేయువాడు మొదట విమర్శకుడు, పిదప లేఖకుడు. అందుచేత ఉపసంపాదనమును సాహిత్యవిమర్శ పరిధిలోని విద్యగా పరిశీలించుట యుక్తమని నా యభిప్రాయము.

మన తెలుగు శాఖలలో తాళపత్ర ప్రతుల పాఠపరిష్కరణమునకు గొప్ప గౌరవము కలదు. అది యుండదగినదే. బ్రౌను దొర నాటినుండి పరిష్కర్తలు పడిన శ్రమను మనము శ్రద్ధతో బోధించుచున్నాము. ఒక పద్యమున నొక పాఠము గ్రాహ్యమా, త్యాజ్యమా యని పుటలకొలది చర్చింతుము. కాని ప్రతిదినము లక్షలమంది చదువు గద్యమును ప్రతిరాత్రియు కొన్ని గంటలలో పరిష్కరించు విద్యను గూర్చి మన పరిశోధన మిక్కిలి తక్కువ. పత్రికాభాషను గూర్చిన సిద్ధాంత వ్యాసములు కొన్ని వెలువడినను, అవి యచ్చైన ఫలమును పరిశీలించినంతగా ఆ ఫలము నిచ్చిన అభ్యాసమును పరిశీలింపలేదు. ఈ విద్య తెలుగునాట నెట్లు నేర్వబడినది, నేడు నేర్పు పద్ధతిలో లోపించిన దేమి అను రెండు ప్రశ్నలకు మాత్రమే యీ వ్యాసము పరిమితము.

పరిశీలనకు కృష్ణానదీ దిగువ డెల్టాను స్వీకరించుచున్నాను. గుడివాడకు చేరువ కొల్లేటి యంచున నున్న నందివాడను నడుమ నుంచుకొని చూచినచో, చుట్టునుగల పల్లెలతో తెలుగు పత్రికాచరిత్ర యంతయు ముడివడియున్నట్లు తోచును. ఆంధ్రపత్రికను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావుగారిది పామర్రు చెంతనున్న ఎలకుర్రు. కృష్ణాపత్రికను నడపిన ముట్నూరి కృష్ణారావుగారిది దివిసీమలోని ముట్నూరు. నార్ల వెంకటేశ్వరరావుగారు జబల్పూరులో జన్మించినను వారి స్వగ్రామము గుడ్లవల్లేరు చెంతనున్న కౌతవరము. ఈనాడు స్థాపకులు రామోజీరావుగారు 1936లో పుట్టినది పెదపారుపూడిలో. పుట్టిన యూరు ఎవరిని పత్రికారచయితగా చేయదు. ఈ సామీప్యము నుండి నేనేమియు సాధింపబోను. కాని యీ నలుగురి పత్రికలు ఉపసంపాదన విద్య నేర్చుటకు నాలుగు భిన్న మార్గములను చూపుచున్నవి. అవి వరుసగా నొకదాని తరువాత నొకటి వచ్చినవి. అందుచేత చరిత్రను పరికించుట కీ సీమ యనుకూలమైనది.

మొదటి మార్గము సహవాసము. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావుగార్ల పూనికతో 1902లో బందరున కృష్ణాపత్రిక వెలసినది. కృష్ణారావుగారు మొదట సహాయకులుగా చేరి, 1907లో సంపాదకులై, 1945లో మరణించువరకు దానిని నడపిరి. ఆ కార్యాలయమున సాయంకాలములందు జరుగు గోష్ఠికి ‘దర్బారు’ అని పేరు. కవులు, గాయకులు, చిత్రకారులు, రాజకీయవాదులు అచ్చట కూడుచుండిరి. పత్రికలో పనిచేయు యువకునకు వేరు పాఠ్యప్రణాళిక లేదు. ఏ మాట పెద్దలచే మెచ్చబడినది, ఏ మాట నవ్వులపాలైనది అని వినుటయే పాఠము. ఇట్టి విద్యలో రుచి యేర్పడును. వాక్యమును చెవితో పరీక్షించు నలవాటు కలుగును. ‘సమీక్ష’ యను పేర సంపుటీకృతములైన కృష్ణారావుగారి వ్యాసములు చదివినవారికి ఆ చెవి యెట్టిదో తెలియును. ఐనను ఈ మార్గమున కొక హద్దు కలదు. అది యొక మహావ్యక్తి సన్నిధిపై నాధారపడినది. వారము కొకసారి వెలువడు పత్రికకు సరిపోయిన తీరిక దినపత్రికకు లేదు. అదియును గాక, గోష్ఠిలో కూర్చుండుటకు యోగ్యత గలవారికే ఆ విద్య లభించును.

రెండవ మార్గము అనువాదము. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసున దినపత్రిక యైనది. ఆ యేడే ప్రథమ ప్రపంచసంగ్రామ మారంభమైనది. వార్త తంతి మీద వచ్చును; ఆంగ్లమున వచ్చును; రాత్రికి రాత్రి తెలుగున నచ్చు కావలెను. ఉపసంపాదకు డనగా అనువాదకుడు అను అర్థము ఈ యవసరము నుండియే స్థిరపడినది. తరువాతి తరములవారు పత్రికలో నుద్యోగమునకు వచ్చినప్పుడు మొదటి పరీక్షగా నొక ఆంగ్లవార్త నిచ్చి తెనిగింపు మనుట చిరకాలము ఆచారముగా నుండెను. ఈ మార్గము తెలుగునకు చేసిన మేలు పెద్దది. రాజ్యాంగము, యుద్ధము, వాణిజ్యము, విజ్ఞానము మున్నగు విషయములను చెప్పు శక్తి తెలుగు గద్యమునకు చాలవరకు ఇట్లే యబ్బినది. చేసిన కీడును కలదు. కర్మణి ప్రయోగము, ‘యొక్క’, ‘చే’, ఒక వాక్యములో మరియొక వాక్యము దూర్చు పద్ధతి వార్తారచనలో వేళ్ళు తన్నుకొన్నవి. ఆంగ్ల తంతి రాని వార్తను, అనగా పొరుగూరి వార్తను సైతము, తంతిని తెనిగించినట్లే వ్రాయుట యలవాటైనది. అనువాదము లేనిచోట ననువాదభాష నిలిచిపోయినది.

మూడవ మార్గము బల్ల వద్ద దిద్దుబాటు. 1938లో మద్రాసున వెలసిన ఆంధ్రప్రభలో మొదట వార్తాసంపాదకులై, 1942 నుండి సంపాదకులైన నార్లవారు, 1960లో విజయవాడ నుండి వెలువడిన ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకులు. అంతకుముందే తాపీ ధర్మారావుగారు ‘జనవాణి’లో వ్యావహారికమును వార్తాభాషగా ప్రయోగించి చూపిరి. ఆ మార్గమును నిత్యవ్యవహారమునకు తెచ్చి, దినపత్రిక యొత్తిడిలో నిలబెట్టినవారిలో నార్లవారు ముఖ్యులు. వారి సంపాదకీయములు చదివినచో నొక లక్షణము స్పష్టమగును: వాక్యము పొట్టిది, క్రియ స్పష్టము, కర్త దాగదు. దిద్దిన ప్రతిని చూచి కుర్రవాడు నేర్చుట యీ మార్గము. తాను వ్రాసినది, పైవారు దిద్దినది ప్రక్క ప్రక్కన నుండును. ఏది తీసివేయబడినదో చూచినచో ఏల తీసివేయబడినదో తనంతట తానే యూహించుకొనవలెను. కారణము చెప్పు తీరిక యెవరికిని ఉండదు. ఊహింపగలవాడు నేర్చును, ఊహింపలేనివాడు భయపడును.

నాలుగవది పాఠశాల. పత్రికారచనను విద్యాలయమున నేర్పవచ్చునను భావము అమెరికాలో 1908లో మిస్సోరి విశ్వవిద్యాలయమున రూపుదాల్చినది. మన ప్రాంతమున ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లో పత్రికారచనా శాఖ యేర్పడినది. అచ్చట బోధన ఆంగ్లమున, పాఠ్యగ్రంథములు ఆంగ్లమున నుండెను. 1985లో నేర్పడిన తెలుగు విశ్వవిద్యాలయము ఈ విద్యకు తెలుగున చోటు కల్పించినది. 1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున నారంభమైన ఈనాడు, 1989లో జిల్లాకొక యనుబంధము వెలువరింప నారంభించిన తరువాత పెద్దసంఖ్యలో ఉపసంపాదకుల యవసరము కలిగినది. ఆ సంస్థ నడపిన పాఠశాలకు బూదరాజు రాధాకృష్ణగారు ప్రధానాచార్యులుగా నుండుట మన శాఖలు గమనింపదగిన విషయము. శాసనభాషను పరిశోధించిన భాషాశాస్త్రవేత్త దినపత్రిక బల్లకు పాఠములు చెప్పిరి. ‘ఈనాడు భాషాస్వరూపం’, ‘ఆధునిక వ్యవహార కోశం’ ఆ పరిశ్రమకు సాక్ష్యములు. దర్బారులో చెవితో నేర్చినదానిని, నార్లవారి బల్ల వద్ద భయముతో నేర్చినదానిని, ఆయన సూత్రములుగా చెప్పగలిగిరి. కులముతోను కుటుంబముతోను పరిచయముతోను సంబంధము లేక, ప్రవేశపరీక్ష వ్రాసి పల్లెటూరి యువకుడు ఈ విద్యలో నడుగుపెట్టుటకు పాఠశాలయే దారి తెరచినది. ఈ లాభమును తక్కువ చేయరాదు.

నాలుగు మార్గములను పరికించినపుడు నొక విషయము తోచును. సహవాసము రుచినిచ్చినది, అనువాదము విస్తృతి నిచ్చినది, దిద్దుబాటు క్రమశిక్షణ నిచ్చినది, పాఠశాల అందరికి నవకాశ మిచ్చినది. కాని వార్తయొక్క నిర్మాణమును గూర్చి నేర్పిన సూత్రములు మాత్రము చాలవరకు ఆంగ్లమునుండి వచ్చినవే. లోపమున్నది ఇచ్చట. ఈ మాటను సోదాహరణముగా నిరూపింప ప్రయత్నింతును.

ప్రతి విద్యార్థియు మొదట నేర్చు సూత్రము ‘తలక్రిందుల పిరమిడు’. ముఖ్యఫలము మొదట, వివరములు తరువాత, పూర్వరంగము చివర నుండవలెనని దాని సారాంశము. దీనికి రెండు కారణములు చెప్పబడును. పాఠకుడు తొందరలో నుండును గావున ముఖ్యాంశము మొదట నుండవలెననునది యొకటి. రెండవది ముద్రణశాలకు సంబంధించినది. సీసపు టక్షరములతో పుట కట్టునపుడు చోటు చాలకున్నచో కంపోజిటరు వార్త చివరి పేరాను ఎత్తివేయును. నడుమ దిద్దినచో పంక్తులన్నియు మరల పేర్చవలసి వచ్చును. చివర తీసినచో శ్రమ లేదు. కావున తీసివేసినను నష్టము లేనిదే చివర నుండవలెను. ఈ రెండవ కారణము తెర మీద పుట కట్టు పద్ధతి వచ్చినపుడే తొలగిపోయినది. నేడు నడుమ నొక మాట తీసినను పంక్తులు తమంత తామే సర్దుకొనును. ఐనను సూత్రము మాత్రము అప్పటి దృఢత్వముతోనే బోధింపబడుచున్నది. హెరాల్డ్ ఎవాన్స్ 1970లలో వెలువరించిన ఐదు సంపుటముల వంటి ఉత్తమ గ్రంథములును ఆంగ్లవాక్యమును దృష్టిలో నుంచుకొని వ్రాయబడినవే. అందు దోషము లేదు. వానిని తెలుగునకు యథాతథముగా నన్వయించుట దోషము.

ఆంగ్లవాక్యమున కర్త తరువాత వెంటనే క్రియ వచ్చును. ఫలము వాక్యారంభముననే తెలియును. వివరములు తోకవలె వ్రేలాడును. తెలుగు వాక్యమున క్రియ చివర వచ్చును. వివరములన్నియు దానికి ముందే రావలెను. కావున వార్తలో ఫలమును మొదట చెప్పవలెనన్న సూత్రమును ఆంగ్లవాక్య ప్రమాణముతో పాటించినచో, ముప్పది మాటల తెలుగు వాక్యమున ఫలము ముప్పదవ మాటగా వచ్చును. సూత్రము అక్షరమున పాటింపబడి అర్థమున భంగమగును. ఇది రచయిత నేర్పులేమి వలన కలుగు చిక్కు కాదు. భాషాస్వభావము వలన కలుగు చిక్కు. తెలుగు ఉపసంపాదకుడు ప్రతిరాత్రి తీర్పవలసిన వ్యాకరణసమస్య యిది.

తరగతిలో నభ్యాసమునకై నేను కూర్చిన యొక కల్పిత వార్తను పరిశీలింతము. నందివాడ ప్రాంతపు విలేకరి యొకడు ఇట్లు చెప్పెననుకొందము: “రాత్రి మూడు గంటలు వాన కురిసి, బుడమేరు పొంగి, గట్టుకు గండి పడి, నీళ్లు చేలల్లోకి వచ్చి, ఊరి దారి మునిగి, పొద్దున పాలు కూడా గుడివాడ వెళ్లలేదు.” ఇందు ఐదు క్త్వార్థకములు, చివర నొక సమాపక క్రియ కలవు. సంఘటనలు జరిగిన క్రమముననే యున్నవి. చెవికి సుఖముగా నున్నది. మన కథకులు, హరిదాసులు, ఇంట ముసలమ్మలు కథ చెప్పు వాక్యమిదియే. దీనికి దోషమున్నచో నొక్కటియే: గండి పడినదని తెలియుటకు వానను, ఏటిని దాటి రావలెను.

అనువాదపు టలవాటు గల ఉపసంపాదకుడు దీని నిట్లు మార్చును: “భారీ వర్షాల కారణంగా బుడమేరు గట్టుకు పడిన గండి ద్వారా ప్రవేశించిన వరద నీటిచే రహదారి ముంచివేయబడడంతో పాల సరఫరాకు అంతరాయం కలగడం జరిగిందని తెలియవచ్చింది.” ఫలము మొదటికి వచ్చినదా యన్నచో రాలేదు. వెనుకటి వాక్యమున నున్న క్రమమే యిందును ఉన్నది. క్త్వార్థకములు పోయి ధాతుజ విశేషణములును భావార్థకములును వచ్చినవి, అంతే. ఊరి దారి ‘రహదారి’ యైనది. వెళ్లని పాలు ‘సరఫరాకు అంతరాయ’ మైనవి. ఎవరు చెప్పిరో లేదు గాని ‘తెలియవచ్చింది’. ఇట్టి వాక్యము తప్పులేనిదిగా కనబడుట దీని ప్రమాదము.

మూడవ రూపము: “బుడమేరు గట్టుకు గండి పడింది. ఊరి దారి మునిగింది. పొద్దున పాలు గుడివాడకు చేరలేదు. రాత్రి మూడు గంటలు కురిసిన వానకు ఏరు పొంగడమే ఇందుకు కారణం.” ఇందు ఫలము మొదట వచ్చినది. అది వచ్చుటకు కారణము వాక్యములోని మాటల క్రమము మారుట కాదు. ఒక వాక్యము నాలుగు వాక్యములగుట. తెలుగున క్రియ ముందునకు రాదు. వాక్యము పొట్టిదైనపుడే క్రియ త్వరగా వచ్చును. ఆంగ్లమున ఫలమును ముందుంచుట వాక్యమునందలి కూర్పుతో సాధ్యము. తెలుగున అది వాక్యవిభజనతో సాధ్యము. ఈ యొక్క సూత్రమును బోధించినచో విద్యార్థి తక్కిన సూత్రములను తానే యూహించుకొనగలడు. క్త్వార్థకమును, ధాతుజ విశేషణమును చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణముననే నిరూపించెను. సంక్లిష్టవాక్యముల నిర్మాణమును చేకూరి రామారావుగారు 1975లో ‘తెలుగు వాక్యం’లో విశదపరచిరి. సాధనములు మన యింటనే యున్నవి. పత్రికాశిక్షణకు వానిని చేర్చు పని మాత్రము జరుగలేదు.

ఇంతవరకు చెప్పినది శైలికి సంబంధించినదిగా కొందరికి తోచవచ్చును. శైలిని మించిన విషయమొకటి యిందు కలదు. పై వార్తలో ‘గండి పడింది’ అని యున్నది. డెల్టా వ్యవహారమున ‘గండి పడు’, ‘గండి కొట్టు’ అను రెండు మాటలు కలవు. మొదటిది నీటి బలమునకు గట్టు తెగుట. రెండవది మనుష్యులు గట్టును తెగగొట్టుట. వరద సమయమున ఎగువయూరి చేలు మునుగకుండుటకు గండి కొట్టినచో దిగువయూరి చేలు మునుగును. ఊరికి ఊరికి నడుమ తరతరముల పగలు ఈ కారణమున బుట్టగలవు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరు కొల్లేటి వైపు సాగి, నందివాడ మండలపు పల్లెలను ముట్టడించినపుడు, గట్టు నిలుచునా తెగునా యనునదే దిగువవారి ప్రాణసంశయము. అట్టివేళ ‘గండి పడింది’ అను మాటను బరువు కొరకు ‘గండి కొట్టడంతో’ అని మార్చిన ఉపసంపాదకుడు ఒక యూరిపై నేరము మోపినవాడగును. విలేకరి చెప్పినది ‘గండి కొట్టారు’ అనియైనచో, దానిని ‘గండి పడడం జరిగింది’ అని మార్చినవాడు నేరస్థుని దాచినవాడగును. రెంటను వ్యాకరణము చెడలేదు. సత్యము చెడినది.

‘జరిగింది’ అను తోక పత్రికాభాషలో నింతగా వ్యాపించుటను మన విమర్శకులు వికారముగా మాత్రమే నిందించిరి. దాని యసలు దోషము కర్తను మాయము చేయుట. ‘గట్టును తెగగొట్టడం జరిగింది’, ‘నిధులు మళ్లించడం జరిగింది’, ‘కాల్పులు జరపడం జరిగింది’ అన్నచోట ఎవరు అను ప్రశ్నకు వాక్యమున స్థానమే లేదు. కర్త యెవరో తెలియనపుడు తెలియదని చెప్పవలెను, తెలిసినపుడు చెప్పవలెను. ఈ విచక్షణ నేర్పునదే ఉపసంపాదన విద్య. పరికరములు వాడుట నేర్పుట దానికి తరువాతి మెట్టు.

పదముల విషయమును ఇట్టిదే. కొల్లేటి యంచున ‘చెరువు’ అన్నచో నేడు మొదట స్ఫురించునది చేపల చెరువు. రాయలసీమలో అదే మాటకు వాననీరు నిలువజేయు తటాకమని యర్థము. ‘కాలువ’ పొలమునకు నీరు తెచ్చును. ‘మురుగుకాలువ’ పొలము నుండి నీరు తీసికొనిపోవును. వరదవార్తలో ఈ రెంటిని మార్చినచో వార్త తారుమారగును. ఉపసంపాదకుడు కూర్చుండు పట్టణమున ‘మురుగుకాలువ’ యనగా వీథి ప్రక్క మురికినీటి కాలువ. కావున నాతడు దానిని అల్పవిషయముగా తలచి లోపలిపుటకు పంపవచ్చును. పొలము మునిగిన రైతునకు అదియే మొదటిపుట వార్త. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రము ముంచినపుడు వేలమంది మరణించిరి. ఆంగ్లమున దానికి వాడిన పదబంధమును తెనిగించినచో నేదో యొక తరంగముగా నుండెడిది. తీరవాసుల నోట తరతరములుగా నున్న ‘ఉప్పెన’ యను మాట ఆ భీభత్సమును ఒక్క పదమున చెప్పినది. నేటికిని ‘దివిసీమ ఉప్పెన’ యనియే యందరు చెప్పుకొందురు. కొత్తవస్తువులకు ‘చరవాణి’, ‘అంతర్జాలము’ వంటి పదములను పత్రికలు వాడుకలోనికి తెచ్చుచున్నవి. ఆ కృషిని నేను నిరసింపను. కాని లేని పదమును కల్పించుటకు జూపు నుత్సాహములో సగము, ఉన్న పదమును కాపాడుటకు జూపుట మేలు. జిల్లా యనుబంధములు వచ్చిన పిదప పల్లెపేరు పుటకెక్కినది. పల్లెమాట మాత్రము చాలమారులు బల్ల వద్దనే రాలిపోవుచున్నది.

ఇక పుటవిన్యాసము. ఇదియు ఆంగ్లమును జూచి నేర్చుకొన్న విద్యయే. శీర్షిక కెన్ని యక్షరములు పట్టునని లెక్కించు పద్ధతి రోమను లిపికి తగినది. తెలుగున అక్షరముల వెడల్పు సమానము కాదు. ‘ర’కును ‘ఘ’కును నెంత భేదమో యెల్లరెరిగినదే. అంతకంటె ముఖ్యమైనది ఎత్తు. గుడియు తలకట్టును పైన, వత్తులు క్రింద నుండుట చేత తెలుగు పంక్తి మూడంతస్తుల యిల్లు. ‘లక్ష్మి’ వంటి మాట పై పంక్తిలోను, గుడిదీర్ఘము గల మాట సరిగా దాని క్రింది పంక్తిలోను వచ్చినచో రెండును ఢీకొనును. పంక్తుల నడుమ చోటు తగ్గించి, అక్షరము పెద్దది చేసి శీర్షికకు బలము తెచ్చితిమని భ్రమపడు పుటలు మనకు నిత్యము కనబడును. బలము రాలేదు, చదువుట కష్టమైనది. శీర్షికను పంక్తులుగా విరుచుటలోను లిపితో పాటు వ్యాకరణము గమనింపవలెను. ‘బుడమేరు గట్టుకు’ అని పై పంక్తియు, ‘గండి’ యని క్రింది పంక్తియు నున్నచో విభక్తి తన పదమున కెదురుచూచుచు నిలిచిపోవును. ‘బుడమేరు’ పైనను, ‘గట్టుకు గండి’ క్రిందను ఉన్నచో రెండు పంక్తులును నిలుచును. సమాసమును నడుమ విరువరాదు. విభక్త్యంతమును దాని యాకాంక్షనుండి వేరుచేయరాదు. పద్యపాదమున యతిస్థానమెరిగిన మన విద్యార్థులకు శీర్షికలో విరుపుచోటు తెలియుట కష్టము కాదు. ఆ పనికి వారిని మన మెన్నడును పురికొల్పకుండుటయే లోపము.

ఈ వాదమునకు రెండాక్షేపణలు రాగలవు. మొదటిది: పత్రికాకార్యాలయమున తొందర యెక్కువ, వ్యాకరణచర్చకు తావులేదు. ఇది నిజమే. కాని తొందరలో పనికివచ్చునది ముందుగా నభ్యసించినదే. వైద్యుడు రోగి యెదుట కూర్చుండి శరీరశాస్త్రము చదువడు, చదివి వచ్చును. రెండవ యాక్షేపణ మరింత తీవ్రమైనది: తెలుగు శాఖలవారి గద్యమే బిగుసుకొనిపోయినది, వారు పత్రికలవారి కేమి నేర్పగలరు అని. ఇందు సత్యమున్నది. మన పరిశోధన గ్రంథములలోని వాక్యములకు పైన చూపిన రెండవ రూపముతో బాంధవ్యము కలదు. అందుచేతనే ఈ సంబంధము రెండువైపుల నుపకరించునని నా నమ్మకము. సిద్ధాంతవ్యాసము వ్రాయు విద్యార్థి ఒక యేడు దినవార్తలను దిద్దినచో, కర్తను దాచకుండ వ్రాయుట నేర్చును. వార్తలు దిద్దువాడు వాక్యశాస్త్రము చదివినచో, తాను దిద్దినదేలో చెప్పగలుగును.

అంతకంటె బలవత్తరమైన కారణమొకటి నేడు కలదు. తెలుగు లిపి 1991లోనే యూనికోడులో చేరినది. ఒకచోట టైపు చేసిన వార్త నేడు ఏ తెర మీదనైనను చదువవచ్చును. పుట కట్టుటకు కావలసిన యంత్రవిద్య కొన్ని వారములలో నలవడును. ఆంగ్లవార్తను క్షణములో తెలుగు చేయు యంత్రములును వచ్చినవి. ఆ యంత్రమిచ్చు తెలుగు 1914 నాటి తంతిని తెనిగించిన రాత్రులను జ్ఞప్తికి తెచ్చును: అదే కర్మణి, అదే ‘యొక్క’, అదే పొడవు వాక్యము. భేదమొకటే. నాడు అనువదించిన మనిషి యర్థము తెలిసికొని యనువదించెను. ఇప్పటి బల్లపై కూర్చుండువాడు తాను చేయని యనువాదమును, ఎవరును అర్థము చేసికొనని యనువాదమును పరీక్షింపవలెను. యంత్రము ‘గండి పడు’, ‘గండి కొట్టు’ అను వాని భేదమును తప్పినచో పట్టుకొనువా డాతడొక్కడే. అనువదించు పని తగ్గినకొలది తీర్పుచెప్పు పని పెరుగును. కావున ఈ విద్య కాలము చెల్లినదని తలచుట పొరపాటు; దాని విమర్శాంశ మిప్పుడే ప్రధానమగుచున్నది.

ఈ దృష్టితో మూడు సూచనలు చేయుచున్నాను. తెలుగు స్నాతకోత్తర ప్రణాళికలో వార్తాగద్య పరిష్కరణమునకు నొక పత్రము కేటాయింపవలెను. అందు ఆంగ్లసూత్రములకు బదులు తెలుగు వాక్యరీతులే మూలము కావలెను. రెండవది, ఒకే వార్త విలేకరి వ్రాసినట్లును, బల్లవద్ద దిద్దినట్లును, అచ్చైనట్లును మూడు ప్రతులుగా సేకరించి శాఖలలో భద్రపరచవలెను. ప్రబంధమునకు పాఠభేదము లెట్టివో పత్రికాగద్యమునకు ఇవి యట్టివి. ఇవి లేనిదే ఈ విద్యకు చరిత్ర వ్రాయుట సాధ్యము కాదు. నేటి తెరలపై దిద్దిన పాఠము పాతదానిని తుడిచివేయుచున్నది గావున ఈ పని యాలసింపరాదు. మూడవది, వృత్తిపదములను ప్రాంతములవారీగా సేకరించి ఉపసంపాదకుని చేతికందునట్లు చేయవలెను. కృష్ణా డెల్టాలో నీటికి, గట్టుకు, వలకు, చేనికి సంబంధించిన పదములతో ఆ పని యారంభింపవచ్చును. పరిశోధక విద్యార్థులలో ఆ పల్లెల నుండి వచ్చినవారు కొందరైనను ప్రతి యేడును ఉందురు.

ఈ మూడింటిలో నేదియు ధనముతో గాని యంత్రములతో గాని ముడివడినది కాదు. దిద్దిన ప్రతులను దాచుమని పత్రికలవారిని అడుగుటకును, వానిని వరుసగా చదువుటకును పూనుకొను విద్యార్థి యొకడు ప్రతి శాఖలో దొరికినచో చాలును.